రికార్డు మోయలేనంతైతే నాణ్యతకే చేటు: మందుల ఫ్యాక్టరీల్లో కాగితం పని వెనుక లెక్క

సంక్షిప్తంగా: మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎం సవరణ అమలుతో చిన్న, మధ్యతరహా మందుల ఫ్యాక్టరీలు కొత్తగా ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో చెప్పే రాతపూర్వక పద్ధతులు), లాగ్‌బుక్‌లు, ఫార్మాట్లు తయారు చేసుకుంటున్నాయి. షిఫ్టులో ఉన్న ఆపరేటర్ నిజాయితీగా నింపడానికి టైము చాలని రికార్డు నాణ్యతను కాపాడలేదు. అది తప్పుడు నమోదులకు దారి తీస్తుంది. ఆ భారంలో చాలా భాగం చట్టం అడిగింది కూడా కాదు, ఒక్కో ఆడిట్ తర్వాత ఫ్యాక్టరీ తనకు తాను తగిలించుకున్నది. ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు అన్నదే ఈ వ్యాస విషయం.

## ఈ చర్చ ఇప్పుడెందుకు

గాంబియాలో పిల్లల మరణాలపై 2022 అక్టోబర్‌లో, ఉజ్బెకిస్తాన్ మరణాలపై 2023 జనవరిలో, భారత్‌లో తయారైన సిరప్‌ల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరికలు జారీ చేసింది. ఆ నేపథ్యంలో కేంద్రం రిస్కు ఆధారంగా ఫ్యాక్టరీల తనిఖీలు మొదలుపెట్టింది. 2023 డిసెంబర్ 28న షెడ్యూల్ ఎంను సవరిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. టర్నోవర్ 250 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలకు ఆరు నెలలు, మిగతావాటికి ఏడాది గడువు పెట్టింది. అప్‌గ్రేడ్ ప్లాన్ దాఖలు చేసిన చిన్న, మధ్యతరహా సంస్థలకు ఆ గడువును తర్వాత 2025 డిసెంబర్ 31 వరకు పొడిగించింది.

ఫార్మాస్యూటికల్ క్వాలిటీ సిస్టమ్, క్వాలిటీ రిస్క్ మేనేజ్‌మెంట్, ఏటా జరపాల్సిన ప్రోడక్ట్ క్వాలిటీ రివ్యూ, పరికరాలు సరిగా పనిచేస్తాయని నిరూపించే క్వాలిఫికేషన్, కంప్యూటర్ వ్యవస్థల నియంత్రణ వంటివి ఈ సవరణతో దేశీయ మార్కెట్‌కే పరిమితమైన యూనిట్లకూ తప్పనిసరయ్యాయి. అమెరికా, యూరప్‌లకు ఎగుమతి చేసే జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ప్లాంట్లకు ఇవేవీ కొత్త కాదు. దేశీయ మార్కెట్‌కే సిరప్‌లు, మాత్రలు చేసే యూనిట్‌కు మాత్రం ఇది పెద్ద మార్పు.

చాలా యూనిట్లు దగ్గరి దారి పడతాయి. పెద్ద కంపెనీలో పనిచేసి వచ్చిన కన్సల్టెంట్ దగ్గర రెడీమేడ్ ఎస్‌ఓపీల కట్ట తీసుకుని, పేరు, లోగో మార్చి జారీ చేస్తాయి. ఆ ఎస్‌ఓపీలు క్యూఏలో (నాణ్యతా హామీ విభాగంలో) పదుల మంది ఉన్న సంస్థ కోసం రాసినవి. క్యూఏ అంతా ముగ్గురే ఉన్న చోట అవే ఎస్‌ఓపీలు పెడితే ఒక్కో మనిషి రోజుకు ఎన్ని చోట్ల సంతకం పెట్టాలో ఎవరూ కూడి చూడరు. తనిఖీ అధికారి మాత్రం ఆ కంపెనీ ఎస్‌ఓపీలో ఏముందో దాన్నే పట్టుకుని అడుగుతాడు. రాసుకున్న ప్రొసీజర్ పాటించలేదన్నది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ లోపాలు రాసిచ్చే 483 ఫారాల్లో ఏళ్ల తరబడి కనిపిస్తున్న అబ్జర్వేషన్. చట్టం అడగని పని ఎస్‌ఓపీలో రాసుకుంటే ఆ ఫ్యాక్టరీకి అదే చట్టమై కూర్చుంటుంది.

## ఒక షిఫ్టు, 320 బరువులు

మాత్రలు నొక్కి తయారుచేసే కంప్రెషన్ గదిలోని ఒక ఆపరేటర్ పనిని లెక్కగట్టి చూద్దాం. ఎస్‌ఓపీ ప్రకారం ప్రతి అరగంటకు 20 మాత్రలు తీసి విడివిడిగా తూచి బీఎంఆర్‌లో (బ్యాచ్ తయారీ రికార్డులో) రాయాలి. ఎనిమిది గంటల షిఫ్టులో 16 సార్లు, అంటే 320 బరువులు. ఒక్కో మాత్ర తూకంలో పెట్టి, చదివి, రాయడానికి ఐదు సెకన్లే అనుకున్నా 1,600 సెకన్లు, దగ్గర దగ్గర 27 నిమిషాలు. సగటు, కనిష్ఠ, గరిష్ఠ విలువలు తీయడం దీనికి అదనం. హార్డ్‌నెస్, మందం కొలతలు, మాత్ర పొడి రాలుతుందేమో చూసే ఫ్రయబిలిటీ, ద్రవంలో ఎంతసేపట్లో విడిపోతుందో చూసే డిసింటిగ్రేషన్ పరీక్షలు వేరు. గది ఉష్ణోగ్రత, తేమ, పీడన భేదం రెండు గంటలకోసారి రాయాలి. మెషీన్ వాడకం లాగ్‌బుక్, క్లీనింగ్ లాగ్‌బుక్, తూకం రోజువారీ వెరిఫికేషన్, మాత్రను నొక్కే పంచ్‌ల ఇష్యూ రిజిస్టర్, స్టేటస్ లేబుల్ ఉండనే ఉన్నాయి. బ్యాచ్ మొదలైన టైము ఒక్కటే బీఎంఆర్‌లో ఒకసారి, మెషీన్ లాగ్‌బుక్‌లో ఒకసారి, గది లాగ్‌బుక్‌లో ఒకసారి రాయాలి. మూడు గడియారాలు చూసి రాస్తే మూడు చోట్లా మూడు టైములు పడతాయి. రివ్యూలో అదొక ప్రశ్న అవుతుంది.

మెషీన్ సాఫీగా నడిచే రోజు ఇదంతా ఎలాగో నెట్టుకురావచ్చు. పౌడర్ పంచ్‌లకు అంటుకుని స్టికింగ్ మొదలైందనుకోండి, లేదా మాత్ర పైపొర లేచి క్యాపింగ్ వచ్చిందనుకోండి, ఆపరేటర్ చేతులు మెషీన్ మీదే ఉంటాయి. అరగంట చెక్ టైము దాటిపోతుంది. అప్పుడు అతని ముందు రెండే దారులు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే డీవియేషన్ (పద్ధతి తప్పిన ఘటన) ఫారం, దాంతోపాటు సంజాయిషీ. తర్వాత తూచి పాత టైము వేసి నింపేస్తే ఆ రోజుకు గొడవ లేదు. ఈ రెండో దారినే డేటా ఇంటెగ్రిటీ ఉల్లంఘన అంటారు. రికార్డు ఎవరు చేశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరిగినప్పుడే రాయాలి, అసలు ప్రతి అయి ఉండాలి, సరైనదై ఉండాలి అన్న ఐదు సూత్రాలను పరిశ్రమలో ఆల్‌కోవా అంటారు. వీటిలో పని జరిగినప్పుడే రాయాలన్నది మొదట దెబ్బతింటుంది. బరువైన ఫార్మాట్ కొట్టే దెబ్బ దీనికే తగులుతుంది.

తప్పుడు నమోదుకు బాధ్యత రాసినవాడిదే, అందులో అనుమానం లేదు. అయితే ఆ తప్పు ఎంత తరచుగా జరుగుతుందన్నది ఫార్మాట్ తయారు చేసినవారి చేతిలోనే ఉంటుంది. పది మంది ఆపరేటర్లను మార్చినా పదకొండోవాడికీ అదే అరగంట, అవే చేతులు.

ఇదే చెక్‌ను వేరేలా పెట్టవచ్చు. ప్రతి అరగంటకు 20 మాత్రల మొత్తం బరువు ఒక్కసారి తూచాలి. విడివిడి బరువులు రెండు గంటలకోసారి తీయాలి. అప్పుడు షిఫ్టుకు 16 మొత్తాలు, 80 విడి బరువులు, కలిపి 96 నమోదులు. 320 కాస్తా మూడో వంతుకు దిగుతుంది. ఊరికే తగ్గిస్తే కుదరదు, దీనికి షరతులున్నాయి. గడిచిన 20, 30 బ్యాచ్‌ల విడి బరువుల్లో హెచ్చుతగ్గులు ఎంతున్నాయో లెక్క తీయాలి. ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం 250 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్న మాత్రకు పరిమితి సగటు మీద 5 శాతం అటూ ఇటూ. 80 దాటి 250 లోపు ఉంటే 7.5 శాతం, 80 లేదా అంతకన్నా తక్కువైతే 10 శాతం. పాత డేటా ఆ హద్దులకు చాలా లోపల ఉంటేనే ఈ మార్పు నిలబడుతుంది. గ్రాన్యూల్ (మాత్రగా నొక్కే పొడి గుళికలు) సరిగా జారని ప్రోడక్ట్‌కు ఇది పనికిరాదు. మొత్తం బరువు సరిగ్గానే ఉన్నా లోపల ఒక మాత్ర తేలిక, ఒకటి బరువు ఉండవచ్చు కదా. ఎగుమతి ప్రోడక్ట్ అయితే చెక్ వ్యవధి రిజిస్ట్రేషన్ దస్త్రంలో రాసి ఉందేమో రెగ్యులేటరీ విభాగాన్ని ముందుగా అడగాలి.

ప్రింటర్ ఉన్న తూకం పెడితే చేతిరాత దాదాపు పోతుంది. అందులోనూ ఒక చిక్కుంది. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. జిరాక్స్ తీసి, సంతకం, తేదీ వేసి, అసలుతో కలిపి అతికించే పద్ధతి మొదటి రోజు నుంచే ఉండాలి.

## భారం ఎలా పేరుకుంటుంది

ఏ ఫ్యాక్టరీలోనూ ఎవరూ ఒక్కరోజు కూర్చుని 40 పేజీల ఎస్‌ఓపీ రాయరు. అది పొరలు పొరలుగా పెరుగుతుంది. ఒక ఆడిట్‌లో కస్టమర్ ప్రతినిధి ఏదో అడుగుతాడు. దానికి సమాధానంగా కాపా (దిద్దుబాటు, నివారణ చర్య) రాస్తారు. కాపా మూసేయడానికి అన్నిటికన్నా తేలికైన మార్గం ఫార్మాట్‌లో ఇంకో గడి, ఇంకో సంతకం చేర్చడం. చేర్చినట్టు కాగితం మీద వెంటనే చూపించవచ్చు. అలా ఆడిట్‌కొకటి చొప్పున చేరుతూ పోతాయి, తీసేయడం అన్నది ఉండదు.

ఎందుకు ఉండదో చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. గడి చేర్చినవారికి ఆడిట్ దాటించిన పేరు వస్తుంది. నింపే శ్రమ మాత్రం నైట్ షిఫ్టు ఆపరేటర్‌ది. గడి తీసేయాలన్నవారు చేంజ్ కంట్రోల్ (మార్పుకు ముందస్తు ఆమోద ప్రక్రియ) పెట్టాలి, కారణం రాయాలి, రిస్కు అంచనా చూపాలి, రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పుకోవాలి. చేర్చడానికి ధైర్యం అక్కర్లేదు, తీయడానికి కావాలి. తీయడం ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాదు కూడా.

నియమాల అసలు పాఠం చదివితే ఈ బరువంతా వాటిది కాదని తెలుస్తుంది. అమెరికా నిబంధన 21 సీఎఫ్‌ఆర్ 211.188 బ్యాచ్ రికార్డులో పని చేసినవారి, పర్యవేక్షించినవారి లేదా సరిచూసినవారి వివరం అడిగేది ముఖ్యమైన ప్రతి దశకు. చాలా బీఎంఆర్‌లలో ఆ ‘ముఖ్యమైన’ అన్న మాట మాయమై, ప్రతి లైనుకూ రెండు సంతకాలు వచ్చి కూర్చున్నాయి. ఆటోమేటిక్ పరికరం చేసే కొన్ని పనులకు రెండో మనిషి అక్కర్లేదని 2008 సవరణ స్పష్టంగానే చెప్పింది. రిస్క్ మేనేజ్‌మెంట్‌పై అంతర్జాతీయ ఔషధ నియంత్రణ వేదిక ఐసీహెచ్ ఇచ్చిన క్యూ9 మార్గదర్శకం 2005 నుంచీ చెబుతున్నది కూడా అదే: శ్రమ, లాంఛనం, రాత రిస్కుకు తగినంతే ఉండాలి. 2023లో వచ్చిన దాని సవరణ ప్రతి చిన్న నిర్ణయానికీ పెద్ద లాంఛనం అక్కర్లేదని ఇంకా విడమరచి చెప్పింది.

నాణ్యతా వ్యవస్థల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9001 నడిచిన దారితో పోల్చి చూడవచ్చు. 1994 కూర్పులో 20 విభాగాలుండేవి, వాటిలో దాదాపు అన్నిటికీ రాతపూర్వక ప్రొసీజర్లు కావాల్సి వచ్చేవి. 2000 కూర్పు తప్పనిసరి ప్రొసీజర్లను ఆరుకు తగ్గించింది. 2015 కూర్పు ఆ ఆరింటినీ, క్వాలిటీ మాన్యువల్‌నూ తప్పనిసరి జాబితా నుంచి తీసేసి, అవసరమైన సమాచారం నమోదై ఉంటే చాలంది. అయినా ఇప్పటికీ ఎన్నో ఫ్యాక్టరీలు మాన్యువల్‌ను ఏటా సవరించి, ముద్రించి, సంతకాలు చేయించి బీరువాలో పెడుతూనే ఉన్నాయి. నియమం సడలింది, అలవాటు సడలలేదు.

## రెండో సంతకం ఎప్పుడు పనికొస్తుంది

‘డన్ బై, చెక్డ్ బై’ అన్న రెండు గళ్లు మందుల పరిశ్రమలో అంతటా కనిపిస్తాయి. రెండు జతల కళ్లు చూస్తే తప్పు దొరుకుతుందన్నది దాని వెనుక ఉద్దేశం. రెండోవారు స్వతంత్రంగా చూస్తేనే ఆ ఉద్దేశం నెరవేరుతుంది. షిఫ్టు చివర కెమిస్ట్ వచ్చి 60 గళ్లలో వరసగా సంతకం పెడితే అక్కడ రెండో చూపు లేదు. దానికన్నా పెద్ద హాని ఇంకొకటుంది. ఎలాగూ కెమిస్ట్ చూస్తాడు కదా అని ఆపరేటర్ సడలిస్తాడు, ఆపరేటర్ చూసే ఉంటాడు కదా అని కెమిస్ట్ సడలిస్తాడు. ఒక్కరే చూసినప్పటి జాగ్రత్త కూడా అక్కడ మిగలదు.

రెండో చూపు నిజంగా కావాల్సిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. డిస్పెన్సింగ్‌లో (ముడి పదార్థాలు తూచి ఇచ్చే చోట) పదార్థం పేరు, ఏఆర్ (ల్యాబ్ పరీక్ష రిపోర్టు) నంబరు, బరువు. బ్యాచ్‌లో ప్రతి పదార్థం వేయడం. జల్లెడ మెష్ నంబరు, ఇన్‌లెట్ ఉష్ణోగ్రత, మిక్సింగ్ టైము వంటి కీలక సెట్టింగులు. దిగుబడి లెక్క. లైన్ క్లియరెన్స్, అంటే పాత బ్యాచ్ ఆనవాళ్లేవీ మిగల్లేదని చూడటం. ప్యాకింగ్‌లో బ్యాచ్ నంబరు, తయారీ, గడువు తేదీలు, ఎమ్మార్పీ ముద్రణ. మిగతా చోట్ల ఒక్క సంతకం చాలు.

ఉంచిన చోట చూసే పద్ధతి మార్చాలి. డిస్పెన్సింగ్‌లో మొదటివారు బీఎంఆర్ చూసి డ్రమ్ము తెస్తే, రెండోవారు డ్రమ్ము లేబుల్ నుంచి మొదలుపెట్టి బీఎంఆర్‌తో పోల్చాలి. తూకం మీది అంకెను మొదటివారు పైకి చదవకూడదు, రెండోవారు తానే చూసి చెప్పాలి. అంకె ముందే చెవిన పడితే కంటికి అదే కనిపిస్తుంది. లైన్ క్లియరెన్స్‌లో ‘ఏరియా శుభ్రంగా ఉంది: అవును/కాదు’ అన్న గడి వల్ల ఒరిగేది లేదు. మాత్రలు ఎక్కడ ఇరుక్కుంటాయో పేరు పెట్టి రాయాలి: హాపర్ అడుగు, ఫీడ్ ఫ్రేమ్, డిశ్చార్జ్ చ్యూట్, డీడస్టర్ లోపల, మెటల్ డిటెక్టర్ రిజెక్ట్ డబ్బా, బ్లిస్టర్ మెషీన్ గైడ్ ట్రాక్ కింద. ఆరు పేర్లున్న చిన్న జాబితా మనిషిని వంగి చూసేలా చేస్తుంది. 30 గళ్ల జాబితా టిక్కులు మాత్రమే పెట్టిస్తుంది.

ఆస్పత్రుల అనుభవం దీనికి దగ్గరగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స చెక్‌లిస్టులో 19 అంశాలే ఉన్నాయి, మూడు దశల్లో గట్టిగా చదవాలి. ఎనిమిది నగరాల్లోని ఆస్పత్రుల్లో దాన్ని ప్రవేశపెట్టినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం అదే చెక్‌లిస్టును తప్పనిసరి చేశాక 101 ఆస్పత్రుల లెక్కలు తీస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని 2014లో తేలింది. ఒంటారియోలో చెక్‌లిస్టు వాడినట్టు ఆస్పత్రులు ఇచ్చిన నివేదికలు దాదాపు నూరు శాతం. కాగితం ఒకటే అయినా దాన్ని ప్రవేశపెట్టిన తీరు వేరు. మొదటి చోట శిక్షణ ఇచ్చి, టీమును కూడగట్టి మొదలుపెట్టారు. రెండో చోట ఆదేశం వచ్చింది, నివేదిక వెళ్లింది.

## డీవియేషన్ అంటే భయం

రాసిన పద్ధతికి భిన్నంగా ఏం జరిగినా దాన్ని నమోదు చేసి, కారణం వెతికి, మళ్లీ జరగకుండా చూడటమే డీవియేషన్ వ్యవస్థ. క్వాలిటీ సిస్టమ్‌లో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. అందరూ తప్పించుకుని తిరిగేదీ ఇదే. కాలిపోయిన బల్బుకూ, చిరిగిన జల్లెడకూ ఒకే 12 పేజీల ఫారం, ఒకే ఏడు సంతకాలు, ఒకే 30 రోజుల గడువు పెడితే బల్బు సంగతి ఎవరూ రాయరు. బల్బు రాయకపోవడం అలవాటైన షిఫ్టులో ఒకరోజు జల్లెడ సంగతీ రాయకుండా పోతుంది. జల్లెడ తీగ ముక్క మాత్రలో పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మూడు మెట్లుగా విడగొడితే ఇది చాలావరకు తీరుతుంది. ప్రోడక్ట్‌ను తాకని చిన్న ఘటనకు ఒక పేజీ చాలు. ఏం జరిగింది, అప్పటికప్పుడు ఏం చేశారు, ప్రోడక్ట్‌కు సంబంధం లేదని ఎలా చెబుతున్నారు అన్న మూడు వివరాలు రాసి, అదే షిఫ్టులో క్యూఏ సంతకంతో మూసేయవచ్చు. నెలకోసారి ఈ పేజీలన్నీ ఒకచోట పెట్టి, ఒకే మెషీన్, ఒకే గది పేరు మూడుసార్లు కనిపిస్తే పై మెట్టుకు ఎక్కించాలి. ప్రోడక్ట్‌ను తాకినా పరిమితుల లోపలే ఉన్న ఘటనకు మామూలు దర్యాప్తు. పరిమితి దాటినవి, కలుషితమయ్యే అవకాశం ఉన్నవి, ల్యాబ్ ఫలితం స్పెసిఫికేషన్ బయట వచ్చినవి పూర్తి దర్యాప్తుకు వెళ్లాలి. పైమెట్టు ఘటనను కింది మెట్టుకు జార్చి మూసేయడం ఈ పద్ధతికి ఉన్న అతి పెద్ద ప్రమాదం. అందుకే మెట్టు నిర్ణయించే అధికారం ఉత్పత్తి విభాగానికి ఇవ్వకూడదు. ల్యాబ్‌లో స్పెసిఫికేషన్ దాటిన ఫలితానికి కింది మెట్టు అన్నదే ఉండకూడదు.

కారణం గడిలో ‘మానవ తప్పిదం’, పరిష్కారం గడిలో ‘రీట్రైనింగ్’ రాసే అలవాటు దర్యాప్తులను గుల్ల చేసింది. యూరప్ జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల నియమావళి) మొదటి అధ్యాయం దీన్ని సూటిగానే అడ్డుకుంటుంది. మనిషి తప్పు అనే ముందు ప్రాసెస్‌లో, ప్రొసీజర్‌లో, వ్యవస్థలో లోపం కళ్లు కప్పి పోలేదని నిర్ధారించుకుని, ఆ మాటకు ఆధారం చూపాలంటుంది. 20 మెష్ బదులు 40 మెష్ జల్లెడ బిగించిన ఘటన తీసుకోండి. రీట్రైనింగ్ పేరుతో ఆపరేటర్ మళ్లీ అదే ఎస్‌ఓపీ చదివి సంతకం పెడతాడు. జల్లెడలు మాత్రం అదే ర్యాకులో, పక్కపక్కనే, అరిగిపోయిన నంబర్లతో వేలాడుతూనే ఉంటాయి. ఒక్కో మెష్‌కు ఒక్కో రంగు ఫ్రేమ్ పెట్టి, గోడ మీద ఆ ఆకారపు గుర్తు గీసి, బీఎంఆర్‌లో ఆ రంగు పేరు రాస్తే తప్పు చేయడమే కష్టమవుతుంది. ఖర్చు కొన్ని వేల రూపాయలు.

కొలమానాలు ఇంకో చిక్కు. ‘ఈ ఏడాది డీవియేషన్లు 30 శాతం తగ్గించాలి’ అని టార్గెట్ పెడితే తప్పకుండా తగ్గుతాయి. తగ్గేది ఘటనలు కాదు, వాటి నమోదు. విమానయానం దీనికి వేరే దారి ఎంచుకుంది. అమెరికాలో 1976 నుంచి నాసా నడుపుతున్న భద్రతా రిపోర్టింగ్ వ్యవస్థలో, ఉద్దేశపూర్వకం కాని తప్పును పది రోజుల్లో సొంతంగా చెప్పుకున్న పైలట్‌కు నిర్ణీత షరతుల మేరకు జరిమానా నుంచి మినహాయింపు దొరుకుతుంది. మందుల ఫ్యాక్టరీకి ఆ పద్ధతి యథాతథంగా సరిపడదు, ప్రతి బ్యాచ్‌కూ విడుదల నిర్ణయం ఉంటుంది గనుక. కొలిచే అంశం మార్చడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. ఘటన జరిగాక ఎన్ని గంటల్లో చెప్పారు? మొత్తంలో ఎన్ని షాప్‌ఫ్లోర్ వారే చెప్పారు, ఎన్ని ఐపీక్యూఏ (తయారీ జరుగుతుండగా తనిఖీ చేసే క్యూఏ) పట్టుకుంది, ఎన్ని బీఎంఆర్ రివ్యూలో బయటపడ్డాయి? అదే కారణంతో ఆరు నెలల్లో ఎన్ని మళ్లీ వచ్చాయి? మొదటి రెండూ మెరుగుపడుతుంటే సంఖ్య పెరిగినా కంగారు పడనక్కర్లేదు.

## ఎస్‌ఓపీ ఎవరి భాషలో ఉండాలి

తెలుగు రాష్ట్రాల ప్లాంట్లలో ఎస్‌ఓపీలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. ప్యాకింగ్ హాల్లో, గ్రాన్యులేషన్‌లో పనిచేసేవారిలో తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడేవారు ఉంటారు. ‘చదివాను, అర్థమైంది’ అన్న గడిలో అందరి సంతకాలూ ఉంటాయి. ఈ సంతకం ట్రైనింగ్ రికార్డును కాపాడుతుంది, ప్రోడక్ట్‌ను కాదు.

మొత్తం ఎస్‌ఓపీని అనువదించడం దీనికి మంచి మందు కాదు. ఇంగ్లిష్ ప్రతి మారిన ప్రతిసారీ తెలుగు ప్రతి వెనకబడుతుంది. మెషీన్ దగ్గర కావాల్సింది ఒక పేజీ పని సూచన. బొమ్మలతో, పది పన్నెండు వాక్యాలతో, అక్కడి మాటల్లో ఉండాలి. గ్రాన్యులేషన్‌ను ‘కణికీకరణం’ అని రాస్తే తెలుగువాడికీ అర్థం కాదు. హాపర్, పంచ్, మెష్, డై, ఎయిర్‌లాక్ అన్నవి షాప్‌ఫ్లోర్‌లో తెలుగు మాటలే అయిపోయాయి, వాటిని అలాగే తెలుగు లిపిలో రాయాలి. ఆ పేజీకి డాక్యుమెంట్ నంబరు, వెర్షన్, జారీ సంతకం తప్పనిసరి. లేకపోతే గోడకు అంటించిన ఆ మంచి కాగితమే అన్‌కంట్రోల్డ్ డాక్యుమెంట్‌గా ఆడిట్‌లో పట్టుబడుతుంది. ఎస్‌ఓపీ సవరించినప్పుడు ఆ పేజీ కూడా మార్చాలన్నది చేంజ్ కంట్రోల్ ఫారంలోనే ఒక ప్రశ్నగా ఉండాలి. అర్థమైందో లేదో చూడటానికి రాత పరీక్ష కన్నా మెషీన్ దగ్గర చేసి చూపించమనడం మేలు.

## తగ్గించే పని ఎలా మొదలుపెట్టాలి

ఒక ప్రోడక్ట్, ఒక బీఎంఆర్ తీసుకోవాలి. ప్రతి గడికీ మూడు ప్రశ్నలు వేయాలి. దీన్ని ఎవరు చదువుతారు? చదివి ఏ నిర్ణయం తీసుకుంటారు? ఇది తప్పుగా ఉంటే ఏ దశలో బయటపడుతుంది? మూడింటికీ జవాబు లేని గడి ఏ నిబంధన వల్ల వచ్చిందో వెతకాలి. నిబంధన దొరికితే గడి ఉండాలి. పాత ఆడిట్ కాపా దొరికితే ఆ కారణం ఇప్పటికీ ఉందో లేదో చూడాలి. ఏదీ దొరకనిది తీసేయదగ్గ జాబితాలోకి వెళుతుంది.

తర్వాత క్యూఏ మనిషి ఒకరు పూర్తి షిఫ్టు, వీలైతే నైట్ షిఫ్టు, ఆపరేటర్ పక్కన నిలబడి రాతకు పట్టే నిమిషాలు కొలవాలి. సూపర్‌వైజర్‌ను అడిగి తెలుసుకున్న అంచనాలు పనికిరావు. గ్లవ్స్ తీయడం, పెన్ను వెతకడం, లాగ్‌బుక్ వేరే గదిలో ఉంటే నడిచే దూరం అన్నీ లెక్కలోకి రావాలి. రెండు లాగ్‌బుక్‌ల మధ్య 40 అడుగులుంటే ‘పని జరిగినప్పుడే రాయాలి’ అన్న నియమం మొదటి వారంలోనే ఓడిపోతుంది. లాగ్‌బుక్ పట్టే ర్యాకు మెషీన్ పక్కకు మార్చడం ఒక్కోసారి ఎస్‌ఓపీ సవరణ కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది.

కొత్త ఫార్మాట్‌ను చేంజ్ కంట్రోల్ కింద మూడు బ్యాచ్‌ల మీద నడిపి, ఆపరేటర్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ దిద్దుబాట్లు పడ్డాయో గుర్తించాలి. ఒకే గడిలో ముగ్గురు కొట్టివేసి దిద్దారంటే ఆ గడి ప్రశ్నే సరిగా లేదు. ఇక ముందు కొత్త గడి చేర్చాలనే ప్రతి ప్రతిపాదనతో పాటు తీసేయగల ఒక గడి పేరు కూడా రాయాలన్న షరతు చేంజ్ కంట్రోల్ ఫారంలో పెడితే, వెనకటి లాగా ఏకపక్షంగా పెరిగే దారి మూసుకుపోతుంది.

కంప్యూటర్‌కు మారితే అన్నీ తీరుతాయన్న ఆశతో చాలామంది ఎలక్ట్రానిక్ బీఎంఆర్ వైపు చూస్తున్నారు. పాత 320 గళ్లను యథాతథంగా తెర మీద పెడితే భారం పెరుగుతుంది. ప్రతి గడికీ పాస్‌వర్డ్, ఐదు నిమిషాలకోసారి లాగౌట్, గ్లవ్స్‌కు స్పందించని తెర కలిస్తే నెల తిరక్కుండా ఒకరి లాగిన్‌తో ముగ్గురు పనిచేస్తుంటారు. అది చేతిరాత తప్పుకన్నా పెద్ద ఉల్లంఘన, ఎవరు చేశారన్నదే చెరిగిపోతుంది కనుక. ముందు గళ్లు తగ్గించాలి, తర్వాత మెషీన్, తూకం నుంచి నేరుగా డేటా వచ్చేలా కలపాలి. కార్డు తాకిస్తే లాగిన్ అయ్యే ఏర్పాటు చేయాలి. సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేస్తుందని నిరూపించే వాలిడేషన్ రాత భయంతో ఆటోమేషన్ ఆగిపోతోందన్న ఆందోళన నియంత్రణ సంస్థలకూ ఉంది. వైద్య పరికరాల తయారీ సాఫ్ట్‌వేర్‌పై ఎఫ్‌డీఏ 2022 సెప్టెంబర్‌లో విడుదల చేసిన ముసాయిదా, పరీక్షల లోతు రిస్కును బట్టి ఉంటే చాలంది.

## చెయ్యి పెట్టకూడని చోట్లు

తగ్గించే ఊపులో పోకూడనివి కొన్ని ఉన్నాయి. ల్యాబ్ ముడి డేటా, క్రొమటోగ్రఫీ (పదార్థాలను వేరు చేసి కొలిచే పరీక్ష) డేటాలో ఎవరు ఏం మార్చారో చూపే ఆడిట్ ట్రయల్ సమీక్ష, లేబుళ్ల లెక్క సరిచూడటం, లైన్ క్లియరెన్స్. అన్నిటికన్నా ముందు, సిరప్‌లలో వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ ద్రావణం వంటి వాటిలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ పరీక్ష.

ఈ కల్తీ కంటికి కనపడదు. డైఇథిలీన్ గ్లైకాల్ కూడా గ్లిజరిన్ లాగే రంగులేని, చిక్కని, తియ్యటి ద్రవం. కిడ్నీలను దెబ్బతీస్తుంది, పిల్లలు తట్టుకోలేరు. 1937లో అమెరికాలో వంద మందికి పైగా దీనికి బలయ్యాకే 1938 నాటి ఆహార, ఔషధ చట్టం వచ్చింది. 1986లో ముంబయి జేజే ఆస్పత్రిలో 14 మంది చనిపోయింది ఈ విషం కలిసిన గ్లిజరిన్ వల్లే. 2022 నాటి సిరప్‌లలోనూ బయటపడింది ఇదే జాతి కల్తీ. గ్లిజరిన్‌పై 2007లో ఇచ్చిన మార్గదర్శకాన్ని ఎఫ్‌డీఏ 2023లో మిగతా రిస్కు పదార్థాలకూ విస్తరించింది. గుర్తింపు పరీక్షలో భాగంగా ప్రతి డ్రమ్ము నుంచీ నమూనా తీయాలి, పరిమితి 0.10 శాతం. సరఫరాదారు ఇచ్చే అనాలిసిస్ సర్టిఫికెట్ ఈ పరీక్షకు బదులు కాదు. పది డ్రమ్ముల నమూనాలు కలిపి ఒక్కసారి చేయడమూ కుదరదు, ఒక్క డ్రమ్ములోని విషం మిగతా తొమ్మిదింటిలో పలచబడి పరిమితి లోపలికి దిగిపోతుంది.

లోడులో 40 డ్రమ్ములు దిగితే 40 నమూనాలు, 40 లేబుళ్లు, 40 ఫలితాలు. ఒక్కో డ్రమ్ము సీలు, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు చూడాలి. మధ్యలో వ్యాపారి రీప్యాక్ చేసిన ఆనవాళ్లుంటే పక్కన పెట్టాలి. నిదానంగా చేయాల్సిన పని ఇది, ఒక మనిషికి పూట పడుతుంది. క్యూసీలో (నాణ్యతా పరీక్షల ల్యాబ్‌లో) ఇద్దరే కెమిస్టులున్న యూనిట్ ఆ పూటను ఎక్కడినుంచి తెస్తుందన్నది ఎస్‌ఓపీలు రాసే రోజే తేల్చుకోవాలి. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజుకు నాలుగుసార్లు చేత్తో రాసే రిజిస్టర్ బదులు ఒక డేటా లాగర్, గాజు సామాన్ల కడుగుడు రిజిస్టర్‌లో రెండో సంతకం రద్దు, ఒకే రీడింగ్ మూడు పుస్తకాల్లో రాసే చోట ఒక్క పుస్తకం. ఆ పూట దొరికేది ఇలాంటి చోట్లే.